కింది వాటా మెషీను

రెండు మెషీన్లూ ఒకే రోజు, ఒకే బండిలో దిగాయి. ఒకే కంపెనీ, ఒకే రంగు, తలుపుమీది గీతతో సహా ఒకే అచ్చు. అత్తగారి పద్ధతి అలాంటిది. పెద్దకోడలికి గరిటె కొంటే చిన్నకోడలికీ గరిటె రావాల్సిందే, అదీ కాడ పొడుగు కొలిచి మరీ. బట్టలుతికే మెషీనూ, దాని నెత్తిమీద కూర్చుని ఆరబెట్టే డ్రయ్యరూ కింది వాటాకొక జత, మేడమీది వాటాకొక జత పెట్టించి, "ఇక మీ ఇద్దరికీ నన్నో మాట అనే అవకాశం లేదు" అంటూ ఆవిడ చేతులు దులుపుకుంది.

పెద్దకోడలికి ఆ అవకాశం దొరకడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

పొద్దున్నే తోటికోడళ్ళిద్దరూ దాదాపు ఒకే వేళకి బట్టలు వేస్తారు. పని అయిపోగానే మెషీను చిన్న పాట పాడుతుంది. మేడమీద ఆ పాట వినబడేసరికి కింది మెషీను ఇంకా గుటకలు వేస్తూ నీళ్ళు తాగుతూనే ఉంటుంది. పైన డ్రయ్యరు కూడా పాడేసి, చిన్నకోడలు బట్టలు మడతపెడుతూ కూనిరాగం తీసే వేళకి, కింద డ్రయ్యరు తలుపు తీస్తే తువ్వాళ్ళు వెచ్చవెచ్చగా, తడితడిగా చేతికి అంటుకుంటాయి. కొత్తలో ఇలా లేదు. ఈమధ్యే మొదలైంది. దండెం మీద వేద్దామా అంటే బయట ముసురు. పెద్దకోడలు పనిచేసేది మందుల షాపులో. కౌంటరు దగ్గర తెల్లకోటు లేకుండా నిలబడితే షాపు ఓనరు ఊరుకోడు. ఆ కోటే వరసగా మూడోసారి, ఆరీఆరకుండా భుజాలకి చల్లగా తగిలింది.

"చూశారా? ఏది ఎవరికో మీ అమ్మగారు ముందే అనుకుని తెప్పించారు" అంది, బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మొగుడితో. అతను సిటీ బస్సు తోలతాడు. రోజంతా జనం అరుపులు విని విని, ఇంట్లో ఎవరేమన్నా సగమే వింటాడు.

"రెండూ సీలు వేసిన పెట్టెల్లోనే వచ్చాయి కదే."

"సీలు వేసినవే. తీసి మళ్ళీ వేసినవేమో ఎవరు చూశారు?"

"ఎవరు తీస్తారే బాబూ, నీ అనుమానం బంగారం కానూ!" అని అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆమె నవ్వలేదు. అనుమానం ఆమెకి ఆకలిలాంటిది, వేళకి రాకపోతే ఆమెకే తోచదు. కాకపోతే ఒక మాట చెప్పాలి. ఆ ఇంట్లో నవ్వులు పూసేది కూడా ఆమె వల్లే.

సాయంత్రం భోజనాలు అందరికీ కిందనే. మేడమీద నుంచి మరిదీ, చిన్నకోడలూ చంటిపిల్లనెత్తుకుని దిగివస్తారు. అప్పుడు పెద్దకోడలు షాపు కబుర్లు మొదలుపెడుతుంది. తను వేసుకోవాల్సిన మాత్రలు మింగాలా నమలాలా అని ఫోను చేసి అడిగే ముసలాయన, మొగుడి గురక తగ్గడానికి తనే మందు వేసుకుంటానన్న ఇల్లాలు, అందరూ ఆమె గొంతులోంచి బయటికొచ్చి ఆ బల్ల చుట్టూ నిలబడతారు. ఆ రోజు కూడా కూరగిన్నె చేతులు మారుతుండగా మొగుడు, "మీసాలాయన్ని ఒకసారి తీసుకురావే" అన్నాడు.

మీసాలాయన ఆ ఇంట్లో ఎప్పటికప్పుడు కొత్తే. ఆమె తువ్వాలు అంచు మడిచి ముక్కు కింద పట్టుకుంది. భుజాలు విరిచింది. "వచ్చాడండీ కౌంటరు దగ్గరికి. వెనక ఉన్నవాళ్ళందర్నీ 'మీరు కానివ్వండి, మీరు కానివ్వండి' అని ముందుకి పంపేశాడు. దగ్గు మందు కొన్నాడు. దువ్వెన కొన్నాడు. తలలో వెంట్రుక లేదు, దువ్వెనెందుకో! అప్పుడు నా వైపు వంగి..." ఆమె గొంతు బొంగురుగా తగ్గించింది. "'అమ్మా, అదే... పెద్దవాళ్ళకి రాత్రిపూట కట్టే డైపర్లు... నాకు కాదు. మా పక్కింటాయనకి.' సరే, సైజెంతండీ అన్నాను. తలొంచుకుని తన నడుం తనే చూసుకుని, 'సుమారు నా అంతే ఉంటాడు' అన్నాడు!"

మొగుడికి పొలమారింది. మరిది బల్ల చరిచాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది అత్తగారే. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మరి... అతను వెళ్ళాక షాపులో అందరూ నవ్వుకున్నారా?" అని అడిగింది.

"నవ్వకుండా ఎలా ఉంటాం అత్తయ్యా!"

చిన్నకోడలు మాత్రం పాప మూతి తుడుస్తూ తలెత్తలేదు. ఈ పిల్లకి నా మాట అంటే మంట, అనుకుంది పెద్దకోడలు. తన మెషీను ముందే పాడుతోందని గర్వం కూడా ఉండే ఉంటుంది.

*

వారం సెలవు రోజున మెకానిక్కుని పిలిపించింది.

ఆ పని అత్తగారికి నచ్చలేదు. "బాగానే తిరుగుతోంది కదమ్మాయ్, ఎందుకిప్పుడు విప్పించడం?" అని వెనక వరండాలోకి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. మెకానిక్కు పానా తీసినప్పుడల్లా ఆవిడ వేళ్ళు గుమ్మం చెక్కని గోకుతున్నాయి. పెద్దకోడలు అది చూసింది. చూసి, ఓహో అనుకుంది.

మెకానిక్కు సన్నటి మనిషి. అరిచెయ్యి మెషీను పొట్టకి ఆనించి వైద్యుడిలా కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. నీళ్ళ గొట్టం ఊడదీసి బకెట్లోకి ధార వదిలాడు.

"నీళ్ళు జోరుగానే వస్తున్నాయి మేడమ్. ట్యాంకు నెత్తిమీదుంది కాబట్టి మేడమీద వాళ్ళకే ధార సన్నం. న్యాయంగా అయితే మీదే ముందు అవ్వాలి."

"అదే కదా నేనూ అంటున్నది!"

"ఒకే మెషీను రెండిళ్ళలో పెడితే ఒకేలా తిరగదు మేడమ్. ఒక్కో ఇంటికి ఒక్కోలా తిరుగుతుంది. నీళ్ళని బట్టి, వేసే బట్టల బరువుని బట్టి. మందంగా ఉండే దుప్పటి ఒక్కటే వేశారనుకోండి, అదంతా ఒక పక్కకి ముద్దవుతుంది. పిండబోతే మెషీను ఊగిపోతుంది. ఆగి, మళ్ళీ నీళ్ళు పోసుకుని, సర్దుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. అలా ఎంతసేపైనా." అంటూ మీటల పలక మీదికి వంగాడు. "ఇదిగో, అసలు సంగతి ఇక్కడుంది. నానబెట్టేదీ, ఇంకోసారి జాడించేదీ, రెండు మీటలూ వేసి ఉన్నాయి. చివరిసారి వేసినవాళ్ళు నొక్కింది ఇది గుర్తు పెట్టుకుంటుంది. మీరు మామూలుగా స్టార్టు నొక్కినా, ఆ రెండూ కలుపుకునే తిరుగుతుంది."

"నేనెప్పుడూ స్టార్టు తప్ప ఇంకోటి ముట్టుకోను."

"ఎవరో ముట్టుకుంటున్నారు. గుర్తు కూడా పెట్టారుగా."

పెద్దకోడలు కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఆ రెండు మీటల మీదా, స్టార్టు మీదా ఒక్కో ఎర్రటి చుక్క. కంపెనీవాళ్ళు పెట్టినవేమో అని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. మెకానిక్కు గోరుతో గీకాడు. "గోళ్ళరంగు" అన్నాడు.

ఆ ఇంట్లో గోళ్ళకి రంగు వేసుకునేది ఒక్కరే. ఆ ఒక్కరూ మేడమీద ఉంటారు.

తర్వాత అతను డ్రయ్యరు జల్లెడ లాగాడు. బట్టలనుంచి రాలే నూగు పట్టుకునే చిన్న జల్లెడ అది. మెత్తటి పొర మందంగా కట్టుకుని, గాలి ఆడే దారే లేదు. "దీనికి ఊపిరాడ్డం లేదు మేడమ్, ఇంక ఆరబెట్టేదెలా?" అని దాన్ని చాపలా చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. నూగు జామపండు గుజ్జు రంగులో ఉంది. కింది వాటాలో ఆ రంగు గుడ్డ ముక్క కూడా లేదు. మేడమీద ఉంది. పాప పుట్టినప్పుడు ఎవరో ఇచ్చిన మందపాటి దుప్పటి.

"ఏదో పాత తువ్వాలుదేమోలే" అంది అత్తగారు గుమ్మంలోంచి, ఎవరూ అడక్కుండానే.

పెద్దకోడలు ఆ నూగు చుట్టని కాగితంలో పెట్టి మడిచింది. అంతా అర్థమైపోయింది ఆమెకి. తను షాపుకి వెళ్ళగానే ఆ పిల్ల దిగివస్తోంది. చంటిది పక్క తడిపిన దుప్పట్లు తన మెషీన్లో వేస్తే కొత్తది మాసిపోతుందని ఇక్కడ వేస్తోంది. అత్తగారికి తెలుసు. తెలిసి కడుపులో దాచుకుంటోంది.

*

ఆ సాయంత్రం వడ్డన అయ్యేదాకా ఓపిక పట్టింది. అందరి కంచాల్లోనూ ముద్ద కలిశాక, మడత విప్పి ఆ నూగు చుట్టని చిన్నకోడలి కంచం పక్కన పెట్టింది.

"ఇది ఎవరిదో చెప్పమ్మా."

చిన్నకోడలు దాన్ని చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది. అత్తగారు కంచంలోకి చూస్తోంది, మెతుకులు లెక్కపెడుతున్నట్టు.

"పాప దుప్పటిది అక్కా" అంది చివరికి.

"నా మెషీన్లో దానికేం పని? నీది కొత్తదే కదా. నాది మాత్రం ఇంటిల్లిపాదికీ చాకిరీ చెయ్యాలా? నేను రోజూ తడికోటు వేసుకుని వెళ్తున్నానే, ఒక్కసారైనా నీకు అనిపించలేదూ? పైగా మీటల మీద చుక్కలు పెట్టుకుని మరీ!"

"ఏదో ఒకటి రెండుసార్లు..."

"రోజూ. నేను ఇంట్లో లేనప్పుడు దొంగచాటుగా."

దొంగచాటుగా అన్న మాట దగ్గర చిన్నకోడలు ఇంకోసారి అత్తగారి వైపు చూసింది. గరిటెల కాడలు కొలిచి పంచిన మనిషి ఆ పూట ఎవరి పక్షానా ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నకోడలు పాపనెత్తుకుని లేచింది. మరిది చెయ్యి కడుక్కుంటూ, "ఒక్క దుప్పటికి ఇంత పంచాయితీయా వదినా?" అన్నాడు. మెట్ల మీద వాళ్ళ అడుగుల చప్పుడు పైకి పోయింది.

"మరీ అంత మాట అనాల్సింది కాదే" అన్నాడు మొగుడు.

"ఉన్నమాటేగా అన్నాను. కాదంటే కాదని అనొచ్చుగా?"

మర్నాటి నుంచి మేడమీది వాళ్ళ వంట మేడమీదే. ఆ మర్నాడు బస్సు డిపోలో ఎవరో చెప్పగా మొగుడికి తెలిసింది, తమ్ముడు వేరే పేటలో అద్దె ఇల్లు చూస్తున్నాడని. ఆ మాట వినగానే అత్తగారు తింటున్నది వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది. బల్ల దగ్గర ఖాళీ కుర్చీలు చూస్తే పెద్దకోడలికి కబుర్లు చెప్పబుద్ధి కాలేదు. అయినా తప్పు చేసింది తను కాదు కదా, అని మనసుకి నచ్చజెప్పుకుంది.

అద్దె ఇంటి సంగతి విన్న రాత్రే ఆ రెండు మీటలూ తనే ఆర్పేసింది. జల్లెడ దులిపింది. ఆ మర్నాడు పొద్దున కింది మెషీను మేడమీది దానికన్నా ముందే పాడింది. ఆమె గెలిచినట్టు తల పైకెత్తి కప్పు వైపు చూసింది. సాయంత్రం షాపునుంచి వచ్చి, అలవాటుగా పలక వైపు చూస్తే, రెండు మీటల దగ్గరా చిన్న దీపాలు వెలుగుతున్నాయి. జల్లెడ లాగింది. జామపండు రంగు నూగు.

ఒళ్ళు మండిపోయింది. మాట పడి, మొహం మాడ్చుకుని, వేరు కాపురానికి సిద్ధమైన మనిషి, మళ్ళీ వచ్చి అదే మెషీన్లో అదే దుప్పటి వేసిందా? ఇదేం సిగ్గుమాలిన పిల్ల! ఈసారి నూగుతో పనిలేదు, దుప్పటితో సహా మనిషిని పట్టుకోవాలి అనుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి కోటు విప్పి షాపులోంచి బయటపడింది. వీధి గుమ్మం వైపు రాకుండా పక్క సందులోకి తిరిగింది. ఆ సందులోంచి వస్తే వెనక వరండా ఇనుప చువ్వల తలుపు వస్తుంది. చెప్పులు చప్పుడు కాకుండా గోడవారగా నడిచింది. తన ఇంటికి తనే దొంగలా రావడం ఆమెకి తప్పుగా ఏమీ తోచలేదు.

మెషీను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. దొరికావే, అనుకుంది. మేడ మెట్ల వైపు చూసింది. పైన తలుపుకి తాళం. బయట చెప్పులు కూడా లేవు. ఇల్లు చూడ్డానికి పోయినట్టున్నారు.

మరి లోపల ఎవరు?

చువ్వల సందుల్లోంచి చూసింది. మెషీను ముందు చిన్న పీట మీద అత్తగారు కూర్చుని ఉంది. చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుంది, మోచేతులదాకా తడి. మెషీను పిండటానికి వేగం అందుకుంది, గడగడా ఊగింది, దడేల్మని ఆగిపోయింది. మళ్ళీ నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ అరిచెయ్యి దాని మీద వేసి, పాలు తాగనని మారాం చేసే బిడ్డని జోకొట్టినట్టు తట్టింది.

"తిరుగు తల్లీ, తిరుగు. అది వచ్చేస్తుంది. వచ్చేలోగా మనం అయిపోవాలి కదా."

అది అంటే తనే అని అర్థం కావడానికి పెద్దకోడలికి ఒక్క క్షణం పట్టింది.

చాలాసేపటికి మెషీను ఎలాగో సర్దుకుని తిరిగి, పాట పాడింది. అత్తగారు తలుపు తీసి రెండు చేతులతో లాగింది. జామపండు రంగు దుప్పటి. దానితో పాటు ఆవిడ మంచం మీది పక్కబట్టా, లోపలి లంగాలూ. బరువుకి నడుం వంగిపోతుంటే గోడకి వీపు ఆనించుకుంది. దుప్పటి మూల ముక్కుకి పట్టుకుని వాసన చూసింది. ఇంకో మూల చూసింది. మధ్యలో మళ్ళీ చూసింది. మొహం చిన్నబోయింది. మొత్తం తీసుకుపోయి మళ్ళీ మెషీన్లో కుక్కి, వేలితో పలక తడిమి, ఒక ఎర్రచుక్క, రెండో ఎర్రచుక్క, చివరికి మూడోది నొక్కింది. అక్షరాలు ఆనని కళ్ళకి ఆ చుక్కలే ఆధారం.

మందుల కౌంటరు దగ్గర నిలబడే మనిషికి ఇక చెప్పాల్సింది ఏముంది? గుమ్మం గోకిన వేళ్ళూ, పాత తువ్వాలు మాటా, మెతుకుల మీది చూపూ, అన్నీ ఒక్కసారిగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. పిలుద్దామని నోరు తెరిచింది. తన మాటకన్నా ముందే చెవిలో అత్తగారి మాట మోగింది. అతను వెళ్ళాక షాపులో అందరూ నవ్వుకున్నారా?

తను ఏం చెప్పింది? నవ్వకుండా ఎలా ఉంటాం అంది. తువ్వాలు మీసం ముక్కు కింద ఉండగానే అంది.

పెద్దకోడలు చువ్వలు వదిలేసింది. వచ్చినంత మెల్లగా సందులోంచి వెనక్కి వెళ్ళిపోయింది. తల నిజంగానే పగిలిపోతోంది.

*

షాపుకి తిరిగివెళ్ళి, తలనొప్పి తగ్గిందని చెప్పి మళ్ళీ కోటు తొడుక్కుంది. సాయంత్రం రద్దీలో ఎవరికేం ఇచ్చిందో చేతులకి తెలుసు గానీ ఆమెకి తెలియదు. రద్దీ పలచబడుతుండగా పక్క కౌంటరు అమ్మాయి మోచేత్తో పొడిచింది. "అక్కా, మీ హీరో."

మీసాలాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక వాళ్ళని ముందుకి పంపుతున్నాడు. ఎవరూ మిగలకపోయేసరికి దగ్గరికొచ్చి, అమృతాంజనంలాంటిది ఏదైనా ఇమ్మన్నాడు. తర్వాత ఒక సబ్బు అడిగాడు. తర్వాత అద్దాల బీరువాలోని దువ్వెనల వైపు చూశాడు. కథలో ఆ చూపు దగ్గరే ఇంట్లో అందరూ పడిపడి నవ్వేవాళ్ళు. దగ్గర్నుంచి చూస్తే ఆయన కనురెప్పలు తడబడుతున్నాయి, చేతిలోని సంచీ కాడ మెలిపడి తాడులా అయిపోయింది.

ఆయన అడిగేదాకా ఆమె ఆగలేదు. లోపలి అరలోంచి ప్యాకెట్టు తీసింది. ఇలాంటి వాటికి ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. పేరు పైకి అనకూడదు, ఎవరికని అడక్కూడదు. పాత పేపర్లో చుట్టి, దారంతో కట్టి, నల్ల కవర్లో పెట్టి ఇవ్వాలి. ఈ పద్ధతి పాటించడంలో ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. తప్పింది వేరే.

"ఈసారి మెత్తటి రకం ఇచ్చానండీ" అంది గొంతు తగ్గించి. "మీ పక్కింటాయనకి ఒరుసుకోకుండా ఉంటుంది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు, అక్కడ నవ్వు ఎక్కడైనా దాగుందేమో అని వెతికాడు. దొరకలేదు కాబోలు, సంచీ కాడ మీది పట్టు వదులైంది.

"చెబుతానమ్మా. పాపం, మంచివాడు" అని వెళ్ళిపోయాడు.

పక్క కౌంటరు అమ్మాయి నోరు నొక్కుకుని ఎదురుచూస్తోంది. పెద్దకోడలు ఆ వైపు తిరక్కుండా లోపలి అరలోంచి ఇంకో ప్యాకెట్టు తీసింది. ఆడవాళ్ళ రకం, మధ్య సైజు. పేపరు పరిచింది.

"అదెవరికక్కా?"

ఆమె దారం ముడి బిగించింది.

"మా పక్కింటావిడకి" అంది.

ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. పాపం, దానిలో దాని తప్పేమీ లేదు. ఆ మాటకి నవ్వాలని నేర్పింది పెద్దకోడలే.

*

ఇంటికెళ్ళి ముందు మేడ మెట్లెక్కింది. చిన్నకోడలు అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ సర్దుకోసాగింది.

"మెకానిక్కు మళ్ళీ వచ్చాడమ్మా" అంది పెద్దకోడలు గుమ్మంలోనే నిలబడి. "తప్పు మెషీనుదే అన్నాడు. జల్లెడ నేను దులపకపోవడం వల్లేనట. అనవసరంగా నిన్ను అనేశాను. నోరు జారాను."

చిన్నకోడలు చేతిలోని గిన్నె కింద పెట్టింది. "మధ్యాహ్నం నేను తాళం వేసుకుని పోయాను. నేను లేకపోయినా మెషీను తిరగడం నువ్వొచ్చి చూశావు కదూ అక్కా?"

పెద్దకోడలు పక్కనున్న పెట్టె మీద కూలబడింది.

"ఆ దుప్పటి నేనే ఇచ్చాను, మందంగా ఉంటుందని. తడి పరుపులోకి దిగదు. తడిసింది ఆవిడ ఎత్తలేదు, అందుకే నువ్వెళ్ళాక నేను దిగేదాన్ని. నువ్వు ఆ మాట అన్నాక రానివ్వలేదు. నువ్వెళ్ళు, మళ్ళీ నీకే మాటొస్తుంది అని గుమ్మంలోంచే పంపేసింది."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా? నేను అమ్మేదే అవి కదే. చేతిలో పనే. నాకు చెప్పకుండా..."

"చెబుదాం అత్తయ్యా అని ఎన్నిసార్లన్నానో. ఒట్టు వేయించుకుంది." చిన్నకోడలు గిన్నె అంచు వేలితో రాసింది. "'దానికి వద్దే. అది చాలా బాగా చెబుతుంది. నన్ను కూడా అలాగే బాగా చెబుతుంది' అంది."

పెద్దకోడలికి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం కప్పుకుని, నవ్వించడంలో తనంత మనిషి లేదని మురిసిపోయిన ఆ మనిషి, వెక్కిళ్ళు పైకి రాకుండా పళ్ళు బిగించుకుని ఏడ్చింది. చిన్నకోడలు వచ్చి పక్కన కూర్చుంది. వద్దనలేదు, ఓదార్చనూ లేదు. కొంతసేపటికి, "కూర ఏం చేశావు?" అని అడిగింది.

"ఇంకా ఏం చెయ్యలేదు."

"సరే, నేను చేసింది కిందికి తెస్తాను" అని లేచి, పెట్టెలోంచి గరిటె వెతికి తీసింది.

అత్తగారు వంటింట్లో ఉండగా పెద్దకోడలు ఆవిడ గదిలోకి వెళ్ళింది. బీరువాలో మడతపెట్టిన బట్టల వెనక, చెయ్యి పెడితే తగిలేలా, పేపరు పొట్లం పెట్టి తలుపు దగ్గరికి వేసింది. వెనక వరండాలోకి పోయి జల్లెడ దులిపింది. పలక మీది రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. ఈసారి ఆర్పలేదు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ బల్ల చుట్టూ కుర్చీలన్నీ నిండాయి. మరిది ఇల్లు సంగతి ఎత్తలేదు, ఎవరూ అడగలేదు. మొగుడు హుషారుగా ఉన్నాడు. "ఏమే, షాపులో ఇవాళ ఎవరొచ్చారు? మా మీసాలాయన రాలేదా?"

అత్తగారి చేతిలో నీళ్ళగ్లాసు సగం దూరంలో ఆగింది.

"ఆయన కథ అయిపోయిందండీ" అంది పెద్దకోడలు కూర వడ్డిస్తూ. "ఇంక ఇంట్లో ఎవరూ ఆయన్ని తీసుకురాకండి."

"అదేమిటి, పోయాడా?"

"లేదు, బాగున్నాడు. మంచివాడు. అందుకే."

మొగుడికి అర్థం కాలేదు. సగమే విన్నాడు కాబట్టి బాధపడనూ లేదు. "పోనీ మెషీనన్నా బాగుపడిందా? పొద్దున మళ్ళీ ఆలస్యంగానే పాడినట్టుందే" అన్నాడు.

"అది అంతేనండీ. ఒక్కో ఇంటికి ఒక్కోలా తిరుగుతుందట. మన ఇంటికి అంత పడుతుంది."

అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టింది. పెద్దకోడలి వైపు చూడలేదు. పాప బుగ్గకి అంటుకున్న మెతుకు తీసి, దాని నోట్లోనే పెట్టింది.

ఆ తర్వాత ఆ పొట్లం గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. కింది మెషీను ఒక పొద్దు ముందే పాడేది, ఒక పొద్దు ఆలస్యంగా పాడేది. పెద్దకోడలు కోటు ముందు రోజే ఉతికి పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. రోజూ గదిలో దీపం వేసేటప్పుడో, పక్క దులిపేటప్పుడో అత్తగారు ఏమైనా అంటుందేమో అని చూసేది. ఆవిడ కూరల ధరల గురించి మాట్లాడేది, ముసురు గురించి మాట్లాడేది. ఇంక ఎప్పటికీ తనకి చెప్పదు, అనుకుంది. చెప్పకపోవడమే న్యాయం అని కూడా అనుకుంది.

ఒక పొద్దున ఆమె షాపుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, అత్తగారు వాకిట్లోకి వచ్చింది. గుమ్మం చెక్క మీద చెయ్యి వేసింది. వేళ్ళు దాన్ని గోకడం లేదు.

"అమ్మాయ్" అంది, వీధిలోకి చూస్తూ. "ఆ పొట్లం అయిపోవచ్చింది."

ఏ పొట్లం అని పెద్దకోడలు అడగలేదు.

"సాయంత్రం తెస్తాను అత్తయ్యా" అంది.